మీసం మీద రెండు కిలోల నెత్తళ్ళు

అవనిగడ్డ వెళ్ళే బస్సులో సత్యవతమ్మకి తన గొంతు తనకే వినపడింది.

ఎండు నెత్తళ్ళ చేపల బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని, కొంగు ముక్కుకి అడ్డం పట్టుకున్న పక్కసీటావిడ వంక చూడకుండా, కిటికీలోంచి ఆకుమళ్ళు చూస్తూ కూర్చుంది. కోడూరు దాటాక ముందు సీట్లో ఎవరిదో సెల్లు మోగింది.

"ఏం బావా! మీసానికి నూనె రాసుకోడానికున్న తీరిక నా మాట వినడానికి లేదా? నీ మీసం మీద రెండు కిలోల నెత్తళ్ళు ఆరబోసుకోవచ్చు. పోనీ అదైనా ఇయ్యి, చప్టా అడగను!"

బస్సంతా గొల్లున నవ్వింది. ఆ సెల్లు తాలూకు మనిషి, జనం పూర్తిగా విన్నాక గానీ ఎత్తలేదు. మాట్లాడి జేబులో పెట్టుకుంటుంటే సత్యవతమ్మ వెనకనించి భుజం తట్టింది.

"అది నా గొంతు."

ఆ మనిషి వెనక్కి తిరిగి ఒక్క క్షణం చూశాడు. తర్వాత రెండు చేతులూ జోడించాడు. "మీరేనాండీ ఆవిడ! నా పేరు అబ్రహామండీ. ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద పని. మా చెరువుల మీద అందరి ఫోన్లలోనూ మీరేనండి."

"తీసెయ్."

పెద్దదాని మాట కాదనలేక ఆమె కళ్ళెదుటే తీసేశాడు. తీసేసి నవ్వాడు. "తీసేశానండీ. అయితే మా బావమరిది దగ్గరుంది. వాడు తీసినా మా మేస్త్రీ దగ్గరుంది. పక్కపక్కన పెట్టి బ్లూటూత్ నొక్కితే మళ్ళీ వచ్చేస్తది."

సత్యవతమ్మకి చెవులు వేడెక్కాయి.

ఆ మాటలు ఆమె అన్నవే. అబద్ధమేం కాదు. ఆ వేసవిలో రేవు పక్కన పడవల పాకలో కూర్చున్న పంచాయితీలో, పల్లె పెద్ద వెంకటపతిని పట్టుకుని అంది. రేవు దగ్గర సిమెంటు చప్టా వేసినప్పుడు, ఆమె ఇరవయ్యేళ్ళుగా చేపలు ఆరబోసుకునే జాగా దాని కిందకి పోయింది. అందుకని చప్టాలో తూర్పు వార తనకి కావాలంది. ఇసకలో ఎండిన చేప పంటి కింద కరకరమంటుంది, బేరగాడు ముట్టుకోడు. చప్టా మీద జాగా లేకపోతే ఆమె ఇంక అమ్మకానికి బుట్ట ఎత్తక్కర్లేదు.

వెంకటపతి ఎంతకీ తెమల్చకుండా మీసం సవరించుకుంటూ కూర్చుంటే, ఆమె నోరు జారింది. తూర్పు వార ఆమెదేనని ఆయన తీర్పు చెప్పాడు. ఆ పల్లె కట్టుబాటుకి కాగితం ఉండదు, పెద్ద నోట ఏది వస్తే అదే. కానీ ఆమె కూతురు కుమారి అదంతా సెల్లులో పట్టింది. పట్టి ఊరుకుందా? తోటివాళ్ళకి పంచింది. మొత్తం పన్నెండు నిమిషాలు. పడవ ఇంజన్ల మెకానిక్కు దాంట్లో మీసం ముక్క ఒక్కటీ కోసి రింగుటోను చేశాడు. ఇక దానికి కాళ్ళొచ్చాయి.

అవనిగడ్డలో దిగి సత్యవతమ్మ సంతకి పోలేదు. తిన్నగా శ్రీచరణ్ ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళింది. శ్రీచరణ్ తండ్రి శేషాచలం గారు తాలూకా ఆఫీసులో గుమాస్తా, నెలకోసారి ఆమె దగ్గరే రొయ్యపొట్టు కొంటాడు. ఎవరికీ చెప్పొద్దంటాడు. కుమారి తన సెల్లు నిండిపోయినప్పుడల్లా అందులోవి తెచ్చి శ్రీచరణ్ పెద్ద కంప్యూటర్లో దాచుకునేది.

"నా గొంతు అందరి ఫోన్లలోనూ చెరిపెయ్యి బాబూ."

"నా సర్వరులో ఉన్నదైతే ఒక్క నొక్కు, పిన్నిగారూ. బయటివాటికి నేనేం చెయ్యను? అవి నన్నడిగి వెళ్ళాయా? ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతాయి. మధ్యలో ఎవరూ ఉండరు." గాజు తలుపు వెనక ఉన్న పెద్ద పెట్టె చూపించాడు. "ఇదైతే పద్ధతి. అన్నీ ఒకచోట, భద్రంగా. ఏ కంప్యూటరు దగ్గర కూర్చున్నా ఇక్కణ్ణించే రావాలి. ఏసీ కూడా దానికే."

సత్యవతమ్మకి పెట్టె నచ్చింది. చల్లగా, తలుపేసి, ఐసు ఫ్యాక్టరీలా ఉంది. "అయితే నీ దగ్గరిది ఉంచు. తీర్పు మాట అందులో ఉంది. మిగతావి నేను చూసుకుంటా."

చూసుకుంది. పది రోజులు పల్లెలో ఇంటింటికీ తిరిగింది. గడపలో నిలబడి, "తియ్యి" అనేది. తీసిందాకా కదిలేది కాదు. కుమారి సెల్లులో అసలుది మొట్టమొదట తీయించింది.

"అమ్మా, అదొక్కటీ ఉంచుదామే."

"పెట్టెలో భద్రంగా ఉందిగా. నీ దగ్గరుంటే మళ్ళీ పిల్లలు పెడుతుంది."

మొగుడు బంగార్రాజు సెల్లు కూడా లాక్కుని చూసింది. లేదు. "ఇంట్లో పొద్దస్తమానం వింటున్నదానికి మళ్ళీ ఫోనులో ఎందుకే?" అన్నాడు బంగార్రాజు, వల బాగుచేసుకుంటూ.

వెంకటపతి ఇంటికి వెళ్తే ఆయన కోడలు వీరలక్ష్మి మిషను మీద జాకెట్టు కుడుతోంది. "మా ఇంట్లో ఉంటుందా అత్తా? మావయ్య వింటే ఇంకేవన్నా ఉందా?" అంది, కుట్టు మీదనించి తలెత్తకుండా.

వానలయ్యాయి. కార్తీకంలో నెత్తళ్ళు పడ్డాయి. మొదటి బుట్టతో సత్యవతమ్మ చప్టా దగ్గరికి వెళ్తే, తూర్పు వారన వెంకటపతి నిలబడి ఉన్నాడు.

"ఈ ఏటినించి ఇది మా వీరలక్ష్మికి, సత్యవతీ."

"నాకని చెప్పావు కదా బావా!"

"ఆ వేసవి వరకే అన్నాను."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. నిజంగానే అలా గుర్తుంది. పాకలో ఉన్నవాళ్ళని అడిగింది. మీసం మాట అందరికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. తర్వాత ఆయనేం చెప్పాడో ఒక్కళ్ళకీ గుర్తులేదు. నవ్వుతూ ఉన్నారు, ఎవరు విన్నారు?

"అయితే నీ మాట నీకే వినిపిస్తా," అంది సత్యవతమ్మ. ఎల్లుండి పొద్దుటికి పాకలో కూర్చుందామన్నాడు వెంకటపతి.

తల్లీకూతుళ్ళు అవనిగడ్డ వెళ్ళారు. గాజు తలుపు వెనక పెట్టె లేదు. శ్రీచరణ్ లేచి నిలబడ్డాడు.

"భాద్రపదంలో పిడుగు పడింది పిన్నిగారూ. బందరు పంపించాను. బాగుచేసి ఇచ్చారు గానీ లోపలున్నవన్నీ పోయాయి. మా చెల్లి ఉమాశ్రీ పెళ్ళిఫొటోలు కూడా అందులోనే." సత్యవతమ్మ తిట్టలేకపోయింది.

తిరుగు బస్సులో కుమారితో అంది. "ఐసు ఫ్యాక్టరీకి కరెంటు పోతే ఊరిచేపంతా ఒక్క రోజులో కుళ్ళుతుంది. ఎవరి ఉట్టి మీద వాళ్ళు పెట్టుకున్న ఎండుచేప ఎక్కడికీ పోదు. నలబయ్యేళ్ళనించి అమ్ముతున్నా, ఈ మాత్రం తట్టలేదు చూడు."

"ఉట్లన్నీ నువ్వే దింపించావు కదే," అంది కుమారి.

ఆ సాయంత్రం మళ్ళీ ఇంటింటికీ తిరిగారు. పదిరోజులు తీయించిన గడపల్లోనే నిలబడి, "ఉందా?" అని అడిగింది. లేదన్నారు. ఇద్దరు ముగ్గురు భయం భయంగా ఉందన్నారు. ఆమె ముద్దుపెట్టుకున్నంత పని చేసింది. వింటే, అన్నీ మీసం ముక్కలే. "చప్టా అడగను!" దగ్గర తెగిపోతున్నాయి. బస్సులో తీసుకున్న నంబరుకి ఫోను చేస్తే అబ్రహాము ముదినేపల్లి చెరువులన్నీ గాలించాడు. "పదహారు దొరికాయండీ. పదహారూ అక్కడే ఆగుతున్నాయి." చప్టా అడగను అన్న తన మాట ఒక్కటీ ఊళ్ళేలుతోంది. దానికి బదులు చెప్పిన మాట ఎక్కడా లేదు.

అనుకున్న పొద్దున పాక నిండింది. వెంకటపతి చాప మీద కూర్చున్నాడు. సత్యవతమ్మ ఉత్త చేతుల్తో వచ్చింది.

"ఏదీ నా మాట?"

"పోయింది బావా. నేనే చెరిపించాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు సవరించుకుని చెప్పబోతుంటే, ఆడవాళ్ళ వైపునించి వీరలక్ష్మి లేచింది. పమిట చెంగు ముడి విప్పి సెల్లు తీసింది.

"నా దగ్గరుంది. మొత్తం."

"నీ దగ్గరా?" అన్నారు మామా, సత్యవతమ్మా ఒక్కసారే.

"లేదని అత్తకి అబద్ధం చెప్పాను. మావయ్య నన్ను కసిరినప్పుడల్లా వంటింట్లోకెళ్ళి ఒకసారి వింటాను. కడుపు చల్లబడుతుంది." పాకలో కిసుక్కుమన్నారు. "ఇంకోమాట. చప్టా నాకు కావాలని నేనడగలేదు. ఎండలో చేపలు తిరగేసే ఓపిక నాకు లేదు. నా మిషను నాకుంది. నన్నెవరడిగారు?"

వెంకటపతి చెయ్యి మీసం దగ్గరికి వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది. "సరే. పెట్టు. మొదట్నించీ పెట్టు. కోసిన మాట నేను వినను."

మొదట్నించీ అంటే మీసంతో సహా. సత్యవతమ్మ తలొంచుకుంది. బస్సులో విన్నదానికన్నా ఇక్కడ గట్టిగా వినపడింది. ఆమె బొటనవేలితో ఇసక గీస్తూ కూర్చుంది. నెత్తళ్ళ దగ్గరికి వచ్చేసరికి పాకలో ఉన్నవాళ్ళు గుడ్డ నోట్లో కుక్కుకున్నారు. సెల్లులో అప్పటి జనం నవ్వారు. ఆ నవ్వు కింద, మెల్లగా, వెంకటపతి గొంతు.

"సరేనమ్మా సత్యవతీ, తూర్పు వార నీదే. నువ్వు బతికున్నన్నాళ్ళూ నీదే. ఇంక నా మీసం జోలికి రాకు."

వెంకటపతి ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. రెండోసారికి ఆయన మీసం కొసలు కదిలాయి. పొట్ట కదిలింది. "ఓసి నీ..." అని పెద్దగా నవ్వేశాడు.

ఆ కట్టుబాటులో ఒక పద్ధతుంది. పెద్ద చెప్పిన మాట పెద్దే మరిచి, అది రుజువైతే, గెలిచినవాళ్ళ తొలిబుట్ట ఆయన తన చేత్తో ఆరబొయ్యాలి. బతికున్నవాళ్ళెవరూ అది జరగ్గా చూడలేదు. వెంకటపతి పంచె ఎగ్గట్టి చప్టా మీదికి నడిచాడు. ఊరు వెనకాల నడిచింది. నెత్తళ్ళ బుట్ట ఎత్తి తూర్పు వారన ఒక్కచోటే కుప్పగా దిమ్మరించాడు.

ఆయన కుప్పని అరచేత్తో కాస్త అటు తోశాడు, కాస్త ఇటు తోశాడు. అడుగున ఉన్నవి అడుగునే ఉన్నాయి.

ఇంక ఆమెవల్ల కాలేదు. "అది ఆరబొయ్యడమా బావా..." అని మొదలెట్టింది.

చుట్టూ గబుక్కున సెల్లులు లేచాయి. కుమారిది, మెకానిక్కుది, వీరలక్ష్మిది. సత్యవతమ్మ నోరు మూసుకుంది. ఒక్కొక్క సెల్లు వంకా చూసింది.

"దగ్గరికి రండి," అంది. "ఈసారి ఎవరూ కొయ్యొద్దు. మొత్తం పట్టండి."