అత్తగారు నింపిన గాలి

మా కంప్రెసర్‌కి అత్తగారని పేరు పెట్టింది నేనే. మోతకి మోత, వేడికి వేడి, పక్కన మనిషి కూర్చోకపోతే అలిగి ఆగిపోతుంది. పడవల్లో వెంట తీసుకుపోయే చిన్నరకం అది. చెరోవైపు పట్టుకుంటే ఇద్దరం మోయగలం. పెట్రోలు ఇంజను తిరుగుతుంటే గొట్టంలోంచి బయటి గాలి పీల్చి, నొక్కి, నొక్కినదాన్నే మళ్ళీ నొక్కి, రెండు బీరువాల్లో పట్టేంత గాలిని చంకన పెట్టుకునే సిలిండర్లోకి కుక్కేస్తుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా నాకిది నమ్మబుద్ధి కాదు. కంటికి కనపడనిదాన్ని డబ్బాలో బంధించి, మనిషి వీపుకి కట్టి, సముద్రం అడుక్కి పంపడమేమిటి?

అలా వెళ్ళేది మా అక్క. పగడపు దిబ్బల మీద పరిశోధన చేస్తుంది. గాలి నింపే దుకాణం ఒక్కటీ లేనంత దూరాలకి పోతుంది కాబట్టి ఆమెకి అత్తగారు కావాలి, అత్తగారికి నేను కావాలి. నా కోపం ఎప్పుడూ ముక్కుమీదే ఉంటుందని అక్క నన్ను మిరపకాయ్ అంటుంది. నేను మాత్రం నీళ్ళలో దిగను. ఒకసారి నడుంలోతు నీళ్ళలో బలవంతంగా సిలిండర్ తగిలించి నేర్పింది. ఊపిరి బిగపట్టకూడదట, పైకొచ్చేటప్పుడు మన బుడగలకంటే ముందు రాకూడదట. బుద్ధిగా నేర్చుకుని, ఒడ్డెక్కి, సముద్రానికో దండం పెట్టి ఊరుకున్నాను.

నా పనంతా పడవమీదే. అందులో మర్మం ఒక్కటి. ఇంజను పొగలో ఒక విషం ఉంటుంది. మా బొగ్గు వడపోత పొగ వాసనని తీసేస్తుంది గానీ ఆ విషాన్ని ఆపలేదు. పీల్చేవాళ్ళకి తెలియను కూడా తెలియదు; తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తుంది, నీళ్ళ అడుగున ఆ నిద్రే ఆఖరిది. అందుకని అత్తగారిని పడవ వెనకభాగంలో కూర్చోబెట్టి, గాలి పీల్చే గొట్టాన్ని ముందుకి లాక్కెళ్ళి, అక్కడ గడకి ఎత్తుగా కడతాను. లంగరేసిన పడవ మామూలుగా గాలికి ఎదురు నిలబడుతుంది, పొగ వెనక్కి పోతుంది. గొట్టం మూతి దగ్గర అమ్మ పాతచీర పీలిక ఒకటి ఎగురుతుంటుంది. అది నావైపు ఎగిరితే గాలి మంచిది. పీలిక చూడకుండా ఇంజను తాడు లాగకూడదనేది మా నియమం.

ఆ రోజు అక్కతో జంటగా దిగే ఆమె చెవిపోటుతో దీవిమీద గుడారంలోనే ఉండిపోయింది. ఒంటరిగా దిగొద్దని నేను. మూడు నిలువుల లోతే కదా అని అక్క. పొద్దున్నే పీలిక చూసి ఒక సిలిండర్ నింపి పక్కన పెట్టాను. రెండోది నింపబోతుంటే గొడవ ముదిరింది.

"అంత భయమైతే నువ్వే జంటగా రా," అంది అక్క.

నాకు ఒళ్ళు మండింది. ఆమెకీ గొట్టానికీ కూడా వీపు తిప్పి తాడు లాగాను. సిలిండర్ నిండేదాకా తల ఎత్తలేదు. అప్పుడే నిండిన ఆ సిలిండరే చేతికందితే తగిలించుకుని అక్క నీళ్ళలోకి వాలిపోయింది.

కోపం చల్లారాక పీలిక వైపు చూశాను. అది నావైపు కాదు, అటువైపు ఎగురుతోంది. పోటు మారి, నీటి లాగుడుకి పడవ తిరిగిపోయింది. గాలి ఇప్పుడు వెనకనుంచి వీస్తోంది. అత్తగారి పొగంతా ముందుకి, సరిగ్గా గొట్టం మూతి మీదికే పోయింది. నేను ఇంజనుకి వెనక కూర్చున్నాను కాబట్టి నా ముక్కుకి తగల్లేదు. అక్క పీలుస్తున్నది ఆ గాలి.

స్పానరు తీసుకుని ఇనుప నిచ్చెన మీద మూడు దెబ్బలు కొట్టాను. నీళ్ళలో ఆ చప్పుడు బాగా వినిపిస్తుంది. పైకి రమ్మని గుర్తు. కానీ ఇదివరకు ఆ మూడు దెబ్బలూ నేను టీ చల్లారిపోతోందని కొట్టాను, ఆకలేస్తోందని కొట్టాను, ఊసుపోక కూడా కొట్టాను. నా వాయింపుని అక్క ఖాతరు చెయ్యడం ఎప్పుడో మానేసింది. బుడగలు కదలకుండా ఒక్కచోటే తేలుతున్నాయి.

పడవ నడిపే సరంగు తాత కునుకులోంచి లేచాడు. రెండు ముక్కల్లో సంగతి చెప్పి, చెవిపోటు ఆమె సామాను తగిలించుకున్నాను, పొద్దుటి సిలిండర్ బిగించుకున్నాను. నీళ్ళలో మాట పనికిరాదు కాబట్టి పీలిక విప్పి మణికట్టుకి చుట్టుకున్నాను. లంగరు తాడు పట్టుకుని దిగాను.

నేను నింపిన గాలిని లోతు నీళ్ళలో నేను పీల్చడం అదే మొదలు. చల్లగా, పొడిగా, ఏ వాసనా లేకుండా వచ్చింది. చెవులు పోటెత్తితే ముక్కు మూసి ఊదాను. అప్పుడు కిందికి చూశాను.

ఇల్లంత పగడపు దిబ్బ. దాని గోడల నిండా ప్రాణం. పసుపు, ఊదా, నేను పేరు పెట్టలేని రంగులు, ముడుచుకుంటూ, విచ్చుకుంటూ. వెండిచేపల గుంపు నన్ను చూసి రెండుగా చీలి, దాటాక మళ్ళీ ఒక్కటైంది. ఇన్నేళ్ళూ నేను దీని నెత్తిన కూర్చుని టీ తాగాను. దిబ్బ పక్కన చాపలా చదునైన టేకు చేప ఒకటి, మా పడవంత రెక్కలు చాచి, నీళ్ళలో అలా నిలిచి ఉంది. చిన్నచిన్న చేపలు దాని ఒళ్ళంతా శుభ్రం చేస్తున్నాయి. దాని ఎదురుగా ఇసుకలో మోకాళ్ళ మీద అక్క. ఆమె నోటినుంచి బుడగలు మెరుస్తూ పైకి పోతున్నాయి. అది నా గాలి. భయంతో చచ్చిపోతున్న ఆ క్షణంలో కూడా నాకు ఒళ్ళు పులకరించింది.

భుజం పట్టి కుదిపాను. అక్క కళ్ళు మూతలు పడుతున్నాయి. చేపవైపు చూపించి, చప్పుడు చెయ్యకు అన్నట్టు వేలు పెట్టింది. మణికట్టు ఆమె ముఖానికి అడ్డం పెట్టి పీలిక చూపించాను. గడమీద ఉండాల్సినది అక్కడెందుకుందో అర్థం కావడానికి ఆమెకి కాసేపు పట్టింది. తర్వాత తన నోటి గొట్టం వదిలేసి ఇలాంటి ఆపదకని నా సిలిండర్‌కున్న రెండో గొట్టం అందుకుంది. ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, ఒకే సిలిండర్ పీలుస్తూ, బుడగల వెనకాలే పైకొచ్చాం. టేకు చేప మా కిందనుంచి నెమ్మదిగా సాగిపోయింది. దాని రెక్కల అంచు దాటడానికే చాలాసేపు పట్టింది.

పడవెక్కాక అక్క వాంతి చేసుకుంది, తల పగిలిపోతోందంది. సరంగు తాత ఆక్సిజన్ తెచ్చి ముఖానికి పెట్టి, ఒడ్డున డాక్టరున్న ఊరివైపు పడవ తిప్పాడు. అక్క తల నా ఒళ్ళో ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

చాలాసేపటికి మాస్కు కొంచెం తొలగించి అడిగింది. "చూశావా?"

"చూశాను అక్కా."

కింద ఏముందని తాత అడిగాడు. అక్క తల కదలకుండా, రెండు చేతులూ టేకు చేప రెక్కల్లా చాచి చూపించాను.

అక్క కోలుకుంది. మళ్ళీ దిబ్బలకి వెళ్తున్నాం, అత్తగారూ వస్తోంది. ఇప్పుడు కళ్ళు పీలిక మీదే ఉంచుతాను, పడవ కొంచెం తిరిగినా ఇంజను ఆపేస్తాను. సిలిండర్లు రెండూ వెంటవెంటనే నింపి, మంచిది ఎంచుకునే వీలు నాకే లేకుండా, ఏది ముందుదో ఏది వెనకదో గుర్తు పెట్టకుండా పక్కపక్కన ఉంచుతాను. ఒకటి అక్క తీసుకుంటుంది. రెండోది నేను తగిలించుకుంటాను.