పేపర్లో వేస్తామన్నారు

మా కింద చేన్లో చెనిక్కాయ పూతకొచ్చే సమయానికి నిలువునా ఎండిపోయే రోగం ఒకటుంది. దాన్ని చూడ్డానికి సర్కారు పరిశోధనవాళ్లు గార్లదిన్నె దాటి మా వూరికి కొన్నేండ్లు వచ్చిపోయినారు. చేనంతా చిన్న చిన్న మడులు చేసి, కొన్నింట్లో మేము ఎప్పుడో మానేసిన పాత రకం, కొన్నింట్లో మేమింకా వేయని కొత్త రకం వేసినారు. కట్టెలకు నంబర్లు రాసి గుచ్చినారు. ఏ నంబరు ఏ రకమో వాళ్లకే తెలుసు. ఆఖరిసారి మొక్కలు పీక్కొని పోతా, పెద్ద సారు విజయభాస్కర్ మా మామ ఎర్రిస్వామితో అన్నాడు: "పెద్దాయనా, ఫలితం తేలినాక పేపర్లో వేస్తాము."

అప్పట్నుంచీ మా మామ రోజూ టీ అంగడికి పోయి జిల్లా పేజీలు తిరగేస్తాండాడు. అది ఆ పేపర్ కాదు మామా, చదువుకున్నోళ్లు ఒకరికొకరు రాసుకునేది అని చెప్పినా. "పేపర్ పేపరే గదమ్మా," అన్నాడు. నేను చదివింది బీయస్సీ బాటనీ. మా ఇంట్లో దాని విలువ కరివేపాకు చెట్టుకు ఏం పట్టిందో చెప్పేవరకే.

ఈసారి వాన ఆలస్యమైనా గట్టిగా పడింది. పదును ఆరేలోపల విత్తాల. మా ఆయన కుళ్ళాయప్ప రెండు రకాల కాయలూ తెచ్చి పెట్టినాడు. ఏది వేయాలో తెలీదు. ఈ పంట కూడా పోతే చేను కంపచెట్లకు వదిలేసి బెంగళూరుకు కూలికి పోవడమే.

ఫోన్లో వెతికితే సారు పేపరు దొరికింది. మా మండలం పేరు కూడా ఉండాది. పైన నాలుగు లైన్లు మాత్రం చదవనిచ్చినారు: రెండు రకాల్లో ఒకటి ఈ రోగానికి తట్టుకుంది, రెండోది పూర్తిగా చచ్చింది. ఏది బతికిందో లోపల ఉండాది. లోపలికి పోదామంటే తాళం బొమ్మ, దాని కింద డాలర్లు.

"మన చేన్లోకి మనం పోవడానికి డాలర్లా?" అన్నాడు మా ఆయన.

సారుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టినా.

"అమ్మా, ఆ పేపరు హక్కులు బయటిదేశం పత్రికకు రాసిచ్చేశాం. కాపీ పంపితే నా మీదికొస్తుందేమో. సర్కారు డబ్బుతో చేసింది కాబట్టి అందరికీ ఉచితంగా పెట్టాలని రూలుంది. కాకపోతే ఏడాది తర్వాత."

"కాపీ వద్దు సార్. రకం పేరు చెప్పండి, చాలు."

"నోటిమాటగా చెప్పకూడదమ్మా. సిఫారసు పైనుంచి రావాలి. రేపు పంట పోతే నన్నడుగుతారు."

పంట పోతే సారును అడగచ్చని అంతవరకూ మాకు తట్టనేలేదు.

మా మామ హక్కులనే మాట దగ్గరే ఆగిపోయినాడు. ఆయనకు హక్కంటే పట్టాదారు పాస్‌బుక్కు. "ఎవుర్నడిగి రాసిచ్చినాడప్పా? చేను నా పేరుమీద ఉండాది గదా."

"చేను కాదు మామా. చేను గురించి తెలిసింది రాసిచ్చినారు."

"అదేమన్నా తక్కువా?"



పదును ఏడాది ఆగదు. సగం సగం వేద్దామన్నా. "సగం చస్తాదని తెలిసి ఎవరన్నా విత్తుతారా?" అన్నాడు మా ఆయన. కొత్తది గదా, మంచిదై ఉంటాదని అదే వేసినాడు. పూత మొదలవతానే ఒక మూల నుంచి మాడడం మొదలైంది. వారం తిరక్కుండా చేను చాపలాగా పరుచుకుంది. మా ఆయన బెంగళూరు బస్సెక్కినాడు. మామ చేన్లోకి గొర్రెల మందను తోలించినాడు.

ఆ తర్వాత సారే ఫోన్ చేసినాడు. మా చేను మళ్లీ ఎండిందని ఎవరో చెప్పినారంట. గొంతులో కొంచెం హుషారు కూడా ఉండాది. "మొక్కలు పీకొద్దమ్మా. వచ్చి తీసుకుంటాం. చాలా ముఖ్యం."

"రండి సార్," అన్నా. గొర్రెల సంగతి చెప్పలేదు. అంత దూరం వచ్చి పెంటికలు చూసి పోతారు.

"ఏమంట?" అన్నాడు మామ.

"ఎండిన చెట్లు కావాలంట."

ఆయన అరుగుమీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"ఈసారి యా పేపర్లో వేస్తారంట?" అన్నాడు.