ఐలన్నకు నలభై ముగ్గురు పిల్లలు

ఈ గలాటాకు పిల్లలు కారణం కాదు. కోదాడలో ఒక డిగ్రీ కాలేజీలో ‘ప్లేస్‌మెంట్ సెల్’ అని నీలం బోర్డు రాయించి, ఆ గదికి తాళం వేసి, లోపల విరిగిన బెంచీలు పేర్చిన పెద్దమనుషులారా, కారణం మీరు! మూడేళ్లు పాఠాలు చెప్పి చేతులు దులుపుకున్నారు. ఉద్యోగానికి పోతే తన గురించి తాను నాలుగు ముక్కలు ఎట్లా చెప్పుకోవాలో ఒక్క పూట కూర్చోబెట్టి నేర్పారా? శుక్రవారం ఉదయం ఆ సెల్ బాధ్యత చూసే యాదగిరి సార్ మైకు పట్టుకున్నారు. “రేపు సూర్యాపేటలో జాబ్ మేళా. రెజ్యూమే తెచ్చుకోండి. దాంట్లో ఏముంటే అదే చెప్పాలి, ఒక్క అక్షరం అటూ ఇటూ కావద్దు” అన్నారు. మైకు పెట్టేశారు. మూడేళ్ల కెరీర్ గైడెన్స్ అంతే, అయిపోయింది.

చిలుకూరు పక్క ఊరి శ్రీనాథ్‌కు ఇది ఆరో మేళా. మొదటి ఐదింటికీ ఎవరో రాసిన ఇంగ్లీషు బట్టీ పట్టి పోయాడు. “నా బలం కష్టపడటం, నా బలహీనత మరీ ఎక్కువ కష్టపడటం” అని వాడు మొదలుపెట్టగానే ఎదుటివాళ్లు ఆవలించేవాళ్లు. ఈసారి సంగతి వేరు. మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు కంపెనీ వస్తోంది. ఊళ్లు తిరిగి, రైతులతో మాట్లాడి, వడ్లు చూసి కొనే పనికి మనుషులు కావాలట. గొర్రెల వెంట పది ఊళ్ల పొలాలు తొక్కినవాడు శ్రీనాథ్. ఏ కల్లం దగ్గరికి పోయినా “ఐలన్న కొడుకువు గదా?” అని పలకరించేవాళ్లే. వాడి కోసమే పుట్టిన కొలువు అది. అది కూడా పోతే పట్టా చేతిలో పట్టుకుని ఏ గుమ్మం ముందు నిలబడాలో వాడికి తెలియదు.

అందుకే ఈసారి ఉన్నదున్నట్టు రాశాడు. మొదటి పేజీలో పేరు, ఫొటో, ఫోను, మార్కులు. రెండో పేజీలో తండ్రి ఐలన్న, ఆయన పని గొర్రెల పెంపకం, ఆయన ఫోన్ నంబరు. తనకు తెలిసిన విద్య, మందలో తప్పిపోయినదాన్ని ఒక్క చూపులో పట్టడం. ఖాళీ వేళ చేసే పని, గొర్రెలకు టీకాలు వెయ్యడం. బస్టాండు పక్క జిరాక్స్ షాపులో వేణుతో టైపు చేయించి, రెండు పేజీలనూ ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు.

వాడు గుమ్మం దాటాడో లేదో, మేళాకు పోయే మిగతా నలభై ఇద్దరూ వేణు మీద పడ్డారు.

“అన్నా, సీనుగాని దాంట్లనే నా పేరు పెట్టు!”

“నాది గూడ గంతే అన్నా. జర జల్ది, బస్సు పోతది!”

వేణు ఎప్పుడూ చేసే పనే ఇది. పేరు మార్చాడు, ఫొటో మార్చాడు, ఫోను మార్చాడు, మార్కులు మార్చాడు. రెండో పేజీ జోలికి పోలేదు. పోయేంత తీరిక ఎవరికుంది? “రెండో పేజీ ఎవడు సదువుతడు తియ్!” అని ప్రింటు నొక్కుతూనే ఉన్నాడు. ఆ పేజీని తిరగేసి చూసిన పిల్ల గానీ పిల్లగాడు గానీ ఒక్కరూ లేరు.

శనివారం పొద్దున బస్సులోంచి శ్రీనాథ్ తండ్రికి ఫోన్ చేశాడు. “నాయినా, కంపెనీ నుంచి ఫోన్ వస్తది. ఏమడిగినా అవునను. ఎక్కువ మాట్లాడకు.”

“అట్లనే బిడ్డా. అవునంటే పాయె గదా” అన్నాడు ఐలన్న.

సూర్యాపేటలో ఫంక్షన్ హాలు పెళ్లిలా కిటకిటలాడుతోంది. మిల్లు తరఫున వచ్చిన సుధ మేడం ఒక మూల గదిలో తలుపు తెరిచి బల్ల వేసుకుని కూర్చుంది. ఊళ్లు తిరిగే పని కదా, ఇంట్లో ఒప్పుకుంటారో లేదో అని పిల్లల ఎదుటే తండ్రికి ఫోన్ చేసి అడగడం ఆమె పద్ధతి.

పద్నాలుగు మంది పోయి వచ్చాక దివ్య పోయింది. పుట్టి బుద్ధెరిగాక గొర్రెను చేత్తో ముట్టని పిల్ల. ఐదు నిమిషాలకు ముఖం ఎర్రగా చేసుకుని బయటికి వచ్చింది.

“సీనూ, గొర్రెకు టీకా యాడ ఏస్తర్రా?”

“ఎందుకే?”

“మేడం అడిగింది. జబ్బకు అని చెప్పిన. దానికి జబ్బ ఉంటదారా?”

శ్రీనాథ్‌కు ఏదో అనుమానం వచ్చింది. దివ్య చేతిలోని కాగితం లాక్కుని రెండో పేజీ తిరగేశాడు. ఐలన్న! పక్కవాడిది లాగాడు. ఐలన్న! ఆ వెనకవాడిది. ఐలన్నే! హాలు నిండా వాడికి అన్నలూ తమ్ముళ్లూ అక్కలూ చెల్లెళ్లూ.

లోపల అప్పటికే వీరేందర్ కూర్చున్నాడు. తండా నుంచి తోడు వచ్చిన వాళ్ల నాయన ఫూల్‌సింగ్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

“మీ నాన్నగారి పేరు?” అంది సుధ మేడం.

వీరేందర్ కాగితం చూశాడు. యాదగిరి సార్ మైకు చెవిలో మోగింది, ఒక్క అక్షరం అటూ ఇటూ కావద్దు.

“ఐలన్న మేడం” అన్నాడు.

“అరే!” గుమ్మం దగ్గర ఫూల్‌సింగ్ ఎగిరిపడ్డాడు. “మరి నేనెవర్నిరా?”

“నువ్వాగు బాపూ, ఇంటర్వ్యూ నడుస్తున్నది!”

హాలు హాలంతా గొల్లుమంది. సుధ మేడం నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చింది. తల ఎత్తేసరికి మాత్రం కళ్లలో కోపం ఉంది. “పొద్దుట్నుంచి ఐలన్నగారికి పదిహేను సార్లు ఫోన్ చేశా. పదిహేను సార్లూ ‘అవును, నా బిడ్డే’ అన్నాడు. ఏంటయ్యా ఈ నాటకం? తర్వాత ఎవరు?”

తర్వాత శ్రీనాథ్.

“తండ్రి పేరు ఐలన్నేనా?”

“ఐలన్నే మేడం. నాకు నిజంగనే ఐలన్న.”

“అందరూ అదే చెప్పారు” అంటూ ఆమె ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. “ఐలన్నగారూ, శ్రీనాథ్ మీ అబ్బాయేనా?”

అటు నుంచి అరుపు. “లేడు! ఇగ నాకు పిల్లల్లేరు! పొద్దుగాల్నుంచి అవును అవును అని నోరెండుకపాయె. నేను ఒక్కన్ని కన్న తల్లీ, ఊరందర్ని నాకు అంటగడ్తున్రు. ఫోన్ పెట్టెయ్!”

“నాయినా, నేను సీనును!”

“గట్లనే అంటరు దొంగలు!”

నలభై ముగ్గురిలో అసలు కొడుకు ఒక్కడు. వాడొక్కడే కాదనిపించుకున్నాడు. సుధ మేడం వాడి కాగితాన్ని పక్కకు తోయబోయింది. ఆరో మేళా, వాడి కోసం పుట్టిన కొలువు, అంతా బల్ల అంచు దాకా జరిగిపోయింది. ఫోనులో దూరంగా గంట మోగింది. మందను నడిపించే పొట్టేలు మెడలో గంట అది. నాయిన ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతాడు. శ్రీనాథ్‌కు సిగ్గు ఎగిరిపోయింది. ఫోన్ మీదికి వంగి, నాలుక అంగిలికి కొట్టి, గొంతెత్తి మందను పిలిచాడు.

“ట్ర్ర్ర్ర్... హోయ్! హోయ్! ట్ర్ర్ర్ర్!”

ఆ వెంటనే ఫోను పగిలిపోయేటట్టు “బ్యా!” అని ఒకటి, దాని వెనక పది, దాని వెనక మందంతా. సూర్యాపేట ఫంక్షన్ హాలు గొర్రెల అరుపులతో దద్దరిల్లింది.

“ఓరి సీనుగా, నువ్వేనారా! అమ్మా, వాడు నా కొడుకే! గొర్లు గుర్తుపట్టినయ్, సూడు!” అన్నాడు ఐలన్న.

హాలులో ఈలలు. ఎవడో కుర్చీ ఎక్కి గంతులేశాడు. సుధ మేడం కళ్లు తుడుచుకుంది. “సరేనయ్యా, గొర్రెలు సాక్ష్యం చెప్పాక నేనెవర్ని కాదనడానికి? ఉద్యోగం నీది. బుధవారం మిర్యాలగూడ వచ్చి చేరు. మిగతావన్నీ చించేస్తా. తండ్రి పేరే అబద్ధం రాసినవాళ్లు రేపు రైతుకు ఏం నిజం చెప్తారు?”

శ్రీనాథ్‌కు రెక్కలొచ్చినట్టయింది. గుమ్మం వైపు తిరిగాడు. నలభై ఇద్దరూ వాడి వైపే చూస్తున్నారు. ఫూల్‌సింగ్ తలపాగా విప్పి చేతిలో నలుపుకుంటున్నాడు.

“మేడం, ఆళ్లు అబద్ధం రాయలె” అన్నాడు. “అసలేం రాయనేలె! రాయమని ఎవరు గూడ నేర్పలె. కాయితాలు పక్కకు పెట్టుండ్రి. నిన్న కాలేజి నుంచి పోయినంక ఇంటికాడ ఏం జేసినవని అడుగుండ్రి. అప్పుడు గూడ నచ్చకపోతే చింపుండ్రి.”

మేడం వాడిని ఎగాదిగా చూసింది. కాగితాల కట్టను బోర్లా పెట్టి వీరేందర్‌ను పిలిచింది.

“నిన్నా? మా నాయినతోని కల్లంల వడ్లు ఎండబోసిన మేడం. ఒక గింజ పంటి కింద ఏసుకుంటే తడి ఎంతుందో చెప్త.”

“గీడు నా కొడుకు!” అని గుమ్మం దగ్గర కేక. “ఇప్పుడు నా కొడుకు!”

దివ్య నిన్న వాడకట్టులోని రైతులందరికీ ధాన్యం కొనుగోలు ఫారాలు నింపి పెట్టిందట. అడిగితే గానీ బయటపడలేదు. మేడం సాయంత్రం దాకా కూర్చుని అందరినీ అడిగింది. శ్రీనాథ్‌తో పాటు వీరేందర్‌నూ దివ్యనూ తీసుకుంది. కోదాడ తిరుగు బస్సులో ప్రతి మలుపుకూ “ట్ర్ర్ర్ర్, హోయ్!” అని నలభై ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు. కండక్టర్ తిట్టీ తిట్టీ చివరికి తానూ అరిచాడు.

సోమవారం ఆ నలభై ముగ్గురే నీలం బోర్డు కింద కూర్చున్నారు. ఎవరి తండ్రి పేరు వాళ్లే, ఎవరి చేత్తో వాళ్లే రాసిన కాగితాలు చేతుల్లో ఉన్నాయి. ప్రిన్సిపాల్ వచ్చి ఏం కావాలన్నాడు. శ్రీనాథ్ లేచి నిలబడ్డాడు.

“సార్, నాకు కొలువొచ్చింది. గొర్లు ఇప్పించినయ్, మీరు గాదు. మందలేనోళ్లు నలభై మందున్నరు గీడ. ఇయ్యాలనే తాళం తియ్యుండ్రి. బెంచీలు బయట పడెయ్యుండ్రి. రేపట్నుంచి దినాం ఒక గంట గీ గదిల క్లాసు పెట్టుండ్రి. మిల్లోళ్లను పిలిపియ్యుండ్రి, మమ్ముల్ని మిల్లులకు తోల్కపోండ్రి, మా గురించి మాతోనే రాయించుండ్రి. తాళంచెవి ఏది సార్? ఇప్పుడే ఇయ్యుండ్రి!”