ఇంజనులో పుల్ల వాసన

బాలయ్య సేటు ఒక్క గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్లను ఎదురు తిట్టడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. ఆయన మాత్రం మెల్లగా చెప్పాడు.

"ఎస్తేరమ్మా, పొద్దటి కాఫీ పుల్ల వాసనొస్తుంది. బెంగుళూరు నుంచి వచ్చినోళ్ల ముందట పెట్టాల్నంటే నాకే సిగ్గయితుంది. శుక్రారం దాంక చూస్త. గప్పటికి గిట్లనే ఉంటే నా షాపులనే చిన్న మిషన్ పెట్టుకుంట."

బాలయ్యది మా పక్కనే గద్వాల చీరల దుకాణం. చీరల కోసం దూరం నుంచి వచ్చే పెద్ద బేరగాళ్లకు పొద్దున్నే నా దగ్గర నుంచే కాఫీలు వెళ్తాయి. అవి ఆగిపోతే నా మూల ఎత్తేసుకోవాల్సిందే. మూల అని ఎందుకన్నానంటే హోటల్ నాది కాదు. పాత బస్టాండు దగ్గర ఫకీర్ చిచ్చా నడిపే చాయ్ హోటల్ అది. హైదరాబాద్‌లో నేను పనిచేసిన కాఫీ షాపు మూతపడినప్పుడు వాళ్ల ఎస్ప్రెస్సో మిషన్ కొనుక్కుని గద్వాలకు వచ్చేశాను. దాన్ని పెట్టుకోవడానికి చోటిచ్చిన మనిషి చిచ్చా ఒక్కడే. చాయ్ పొయ్యి పక్కన బల్ల జరిపి, "పెట్టుకో బిడ్డా, నీ ఇంజను నా చాయ్‌ని ఏం చేస్తది?" అన్నాడు. అప్పటి నుంచి దాని పేరు ఇంజనే.

మా ఊరు రాజోలిలో ఇంటివాళ్లంతా పని కోసం ముంబై అనీ హైదరాబాద్ అనీ మూట కట్టినవాళ్లే. సొంత జిల్లాలో సొంత పని పెట్టుకుని నిలబడింది నేనే మొదటిదాన్ని. శుక్రవారం తర్వాత నేనూ మళ్లీ మూట కట్టాల్సిందేనేమో.

విచిత్రం ఏమిటంటే మధ్యాహ్నం కాఫీ శుభ్రంగా ఉంటుంది. పొద్దటి తొలి కాఫీలకే ఆ కంపు. సాయంత్రం నేను కడిగి పెట్టి వెళ్లిన మిషన్‌కు తెల్లారేసరికి ఏమవుతోంది? భయం ఒక పక్క ఉన్నా, సంగతేమిటో తెలుసుకోవాలనే దురద దానికంటే ఎక్కువైంది.

మొదట నీళ్లను అనుమానించాను. మా బోరు నీళ్లు కాగబెడితే గిన్నెకు సున్నం కొట్టినట్టవుతుంది. నేను వాడేది క్యాన్ నీళ్లే అయినా, ఏ రోజు ఎవరు ఏం పోశారో అని నిమ్మ ఉప్పు కలిపి మిషన్ లోపలికి ఎక్కించాను. అడుగున కాస్త తెల్లటి పొట్టు రాలింది. మళ్లీ మళ్లీ మంచి నీళ్లు వదిలి కడిగాను. మర్నాడు పొద్దున కంపు కంపే.

తర్వాత మిషన్ తల విప్పాను. వేడినీళ్లు కిందికి దిగే చోట ఒక జల్లెడ, దాని చుట్టూ రబ్బరు రింగు ఉంటాయి. కాఫీ గింజల్లో నూనె ఉంటుంది కదా, అది అక్కడ నల్లగా పేరుకుని ముక్కిపోతుంది. రింగు మార్చాను, జల్లెడ తోమాను. కాఫీ పొడి పట్టే హ్యాండిల్‌లో చిల్లుల గిన్నె తీసి చిల్లుల్లేనిది పెట్టి, కడిగే పొడి వేసి, మిషన్‌కు బిగించి బటన్ నొక్కాను. నీళ్లకు కిందికి దారి ఉండదు కాబట్టి వెనక్కి తన్ని, లోపలి మురికినంతా నురగగా కక్కుతాయి. తెల్లటి నురగ వచ్చేదాకా వదల్లేదు. పాలకు ఆవిరి పట్టే గొట్టం మూతి విప్పి సూదితో పొడిచాను. పాలు మార్చాను. మర్నాడు మళ్లీ అదే.

"చిచ్చా, నువ్వన్న జర చూడు," అని కప్పు ఆయన చేతికిచ్చాను. గద్వాలలో చాయ్ తాగేవాళ్లందరికీ ఫకీర్ చిచ్చా ముక్కంటే గురి. డబ్బా మూత తీస్తే చాలు, చాయ్ పొడి పాతదో కొత్తదో చెప్పేస్తాడని పేరు. ఆయన కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు.

"మస్తుంది బిడ్డా. బాలయ్యకు జలుబు చేసినట్టుంది."

నాకు ఒళ్లు మండింది. నా కాఫీ పోతే తన చాయ్‌కి గిరాకీ పెరుగుతుందని తమాషా చూస్తున్నాడా అనుకున్నాను. ఈమధ్య ఆయన చాయ్‌లో ఇలాచీ దండిగా పడుతోంది. అల్లం కూడా. నా కాఫీకి పోటీగానే అని అప్పటికే ఒక లెక్క వేసుకుని ఉన్నాను.

రోజూ హోటల్ తెరిచేది చిచ్చానే. నమాజు చేసుకుని వచ్చి, పొయ్యి ముట్టించి, నా ఇంజను వేడెక్కాలని స్విచ్ వేస్తాడు. నేను వెళ్లేసరికి చాయ్ మరుగుతూ ఉంటుంది. గురువారం నేను చిచ్చా కంటే కాస్తే వెనకగా వెళ్లి, చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడ్డాను.

చిచ్చా మేకుకు వేలాడుతున్న చాయ్ గుడ్డ తీశాడు. చాయ్ వడపోసే గుడ్డ అది. దానికి సబ్బు తగలనివ్వకూడదు, సబ్బు తగిలితే చాయ్ రుచి చెడుతుంది. ఉడుకు నీళ్లలో పిండి ఆరేయాలి, పొద్దున్నే వాసన చూడాలి, పులిసిన రోజు పారెయ్యాలి. ఈ పద్ధతి నాకు చెప్పింది ఆయనే. ఇప్పుడూ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని నిండుగా పీల్చి, సరే అన్నట్టు తల ఊపాడు.

ఆ తర్వాత ఆ గుడ్డతోనే నా ఇంజనును తుడవడం మొదలుపెట్టాడు. పెండ్లికొడుకును ముస్తాబు చేసినంత ముద్దుగా, పాల గొట్టం పొడుగునా తుడిచాడు. గుడ్డ చుట్టిన వేలును హ్యాండిల్ గిన్నెల లోపలికి పెట్టి గుండ్రంగా తిప్పాడు. సాయంత్రమే కడిగాను కదా అని నేను పొద్దున మళ్లీ కడగని గిన్నెలు అవి.

"చిచ్చా! ఏం చేస్తున్నవ్?"

"తుడుస్తున్న బిడ్డా. దుమ్ము పడ్తది గద. గీ నడుమ రోజు తుడుస్తున్న."

ఆ గుడ్డ లాక్కున్నాను. మొహం దాకా తేనక్కర్లేదు, విరిగిన పాల కంపు మీదికొచ్చి కొట్టింది.

"ఇప్పుడే గద వాసన చూసినవ్!" అని అరిచాను.

ఆయన నా వైపు చూడలేదు. గుడ్డనే చూస్తూ, "మంచిగనే ఉన్నది గద?" అన్నాడు.

చెప్పడం కాదు, అడిగాడు. అది విని నా కోపానికి పట్టు తప్పింది.

"కండ్లు మూసుకో," అన్నాను. మూసుకున్నాడు. కాఫీ పొడి డబ్బా మూత టక్కున తెరిచి, డబ్బా బల్ల మీదే ఉంచి, గుడ్డను ఆయన ముక్కు కింద పెట్టాను. "ఇదేం వాసన?"

చిచ్చా నిండుగా పీల్చాడు. "కాఫీ," అన్నాడు. "మస్తుంది."

కళ్లు తెరిచి గుడ్డను చూసుకున్నాడు. అలా చేసినందుకు నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"పోయినేడు జ్వరమొచ్చిండె గద," అన్నాడు. "జ్వరం పోయింది, వాసన రాలే. దవాఖానల చూపించుకున్న. వస్తదన్నరు."

"ఇంట్ల నీ కొడుక్కు తెలుసా?"

"పర్వేజ్‌కు తెల్వదు. తెలిస్తే హోటల్ బంద్ పెట్టి ఇంట్ల కూసోమంటడు. ముక్కు లేని మాస్టర్ చాయ్ ఎవడు తాగుతడు బిడ్డా?"

ఇలాచీ ఎందుకు ఎక్కువవుతోందో అప్పుడు అర్థమైంది. వాసన తెలియక, సరిపోయిందో లేదో అని మనిషి భయపడి వేస్తున్న ఇలాచీ అది. చాయ్‌లో గుడ్డ పులుపును కప్పేసిందీ అదే. నేనేమో పోటీ అనుకున్నాను. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఇంకా చిన్నబోతాడని మిషన్ గిన్నెలు విప్పుకుని కుళాయి దగ్గరికి పోయాను.

శుక్రవారం పొద్దున ఇద్దరం కలిసే హోటల్ తెరిచాం. చిచ్చా మేకు మీది కొత్త గుడ్డ తీశాడు. అలవాటుగా ముక్కు దాకా తీసుకెళ్లి ఆగాడు. నా వైపు చాపాడు. వాసన చూసి, "పనికొస్తది. గని గిది చాయ్‌కే. నా ఇంజనుకు ఇగో, గీ తెల్లది," అన్నాను. ఇలాచీలు కూడా అరచేతిలో పోసి చూపించాడు. సగం వెనక్కి వేయించాను.

బాలయ్య సేటు వచ్చాడు. ఒక గుక్క తాగి ఆగాడు. తర్వాత కప్పు ఖాళీ చేసి, "మిషన్ పెట్టుకుంటన్న సంగతి మర్చిపో. షాపుకు ఆరు పంపు," అని లేచాడు. పోతూ చిచ్చా చాయ్ కూడా ఒక గుక్క తాగి, "చాయ్ సుత మళ్ల మునుపటి లెక్కయింది ఫకీరూ," అన్నాడు. చిచ్చా పొయ్యి వైపు తిరిగి మంట సరిచేసుకున్నాడు. మంట బాగానే ఉంది.

రద్దీ తగ్గాక నా కోసం ఒక కాఫీ తీసుకున్నాను. చిచ్చా వచ్చి ఎదురుగా కూర్చుని ఆ కప్పును తన వైపుకు లాక్కున్నాడు.

"నీ ఇంజను వచ్చేటాల్లకే నా ముక్కు పోయిండె. మస్తుంది మస్తుంది అన్న గని, దీని వాసన నాకు తెల్వనే తెల్వదు. ఎట్లుంటది బిడ్డా?"

చిటికెడు కాఫీ పొడి వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను.

"పల్లీలు పెంక మీద ఏంచుతం సూడు," అన్నాను. "జర పరాకుగుంటే మాడబోతయి. మాడలే, మాడబోతున్నయి. గప్పుడు దించితే ఇల్లంత వస్తది. గా వాసన."

చిచ్చా కప్పు మీదికి వంగి కళ్లు మూసుకున్నాడు.

"గంతేనా? నేనింకేందో అనుకున్న," అన్నాడు. అన్నాడు గానీ, కాఫీ చల్లారిపోయేదాకా కప్పు మీద నుంచి మొహం తియ్యలేదు.