నేను మూసేసిన ఏడుపు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను తప్పు చేశాను.

ఎక్కడో ఫ్యాక్టరీలో బిగించి, అట్టపెట్టెలో పెట్టి నన్ను హైదరాబాదు పంపారు. మొదట ఆఫీసులో ఒక మేనేజరమ్మ దగ్గర రెండేళ్లు ఉన్నాను. ఆవిడ నా మీదే ఉప్మా తినేది. ఆ తర్వాత శశిభూషణ్ చేతికొచ్చాను.

శశిభూషణ్‌ది సపోర్టు ఉద్యోగం. కస్టమరు మొరపెట్టుకుంటే దాని పేర టిక్కెట్టు, అంటే ఫిర్యాదు పద్దు, తెరవాలి, కారణం రాయాలి, మూసేయాలి. పాత మొరే మళ్లీ వస్తే ‘డూప్లికేట్’ అని రాసి, సరిగ్గా చూడకుండానే మూసేస్తారు. వాళ్లలో అది మామూలే.

భార్య హైమ పురిటికి కాకినాడలో పుట్టింటికి వెళ్తే, ఇంటినుంచే పని అని చెప్పి నన్ను చంకన పెట్టుకుని ఈయనా వెనకే చేరాడు. “డౌన్‌లోడ్ ఎంతదాకా వచ్చింది?” అని రోజూ ఆవిడతో వేళాకోళం. చివరికి పిల్లాడు పుట్టాడు. మాన్యువల్ లేదు, ఆపే బటన్ లేదు, రెండు గంటలకోసారి చార్జింగ్ పెట్టాలి. ఇరవై ఒకటో రోజున బియ్యంలో ‘సుధన్వ’ అని రాసేదాకా నా దగ్గర వాడి ఫైలు ‘అన్‌టైటిల్డ్’ గానే ఉంది.

ఆ సుధన్వ ఏడుపులకి కూడా శశిభూషణ్ టిక్కెట్లు తెరిచాడు. ఎన్నింటికి, ఎంతసేపు, కారణం ఏమిటి. అత్తగారు కాంతమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“చోద్యం కాకపోతే, చంటోడు ఏడిస్తే ఎత్తుకోవాలి గానీ, పెట్టెలో రాసుకుంటారేంటి అల్లుడుగారూ!”

ఆయన నవ్వేశాడు. నేను మాత్రం పొంగిపోయాను. రెండు నెలలు తిరిగేసరికి నాకు లెక్క దొరికింది కూడా. సాయంత్రం అయిదుకీ ఏడుకీ మధ్య ఏడిస్తే గ్యాస్. ఇక ఆ వేళప్పుడు మైకులో ఏడుపు వినగానే ‘డూప్లికేట్’ అని నేనే మూసేసేలా శశిభూషణ్ ఏర్పాటు చేశాడు.

ఒక మంగళవారం సాయంత్రం అయిదున్నరకి సుధన్వ ఏడుపు అందుకున్నాడు. హైమ వాణ్ణెత్తుకుని గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

“ఏవండీ, ఇది రోజూ ఏడ్చే ఏడుపు కాదండీ. పాలు తాగట్లేదు. కుడిపక్కకి తిప్పి పడుకోబెడితే కెవ్వుమంటున్నాడు. డాక్టరు దగ్గరికెళ్దామండీ.”

శశిభూషణ్ నా వంక చూశాడు. అప్పటికే నేను మూసేశాను.

“గ్యాసేలే హైమా. ఇదిగో, డూప్లికేటంటోంది. ఏడింటికల్లా ఆగిపోతుంది చూడు.”

ఏడింటికి నిజంగానే ఆగింది. ఎంత మిడిసిపడ్డానో! బుధవారం కూడా అంతే. హైమ మళ్లీ చెప్పింది, నేను మళ్లీ మూసేశాను.

గురువారం పొద్దునకి పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. చెవిలోంచి చీము కారుతోంది. నన్ను కూడా సంచిలో వేసుకుని ఆస్పత్రికి పరుగుతీశారు.

“ఎప్పట్నుంచి ఇలా ఏడుస్తున్నాడు?” అంది డాక్టరమ్మ.

శశిభూషణ్ గబగబా నన్ను తెరిచాడు. మంగళవారం గ్యాస్, బుధవారం గ్యాస్ అని చూపించాను. హైమ నా వైపు చూడను కూడా చూడలేదు.

“మంగళవారం సాయంత్రం నుంచండీ. చెప్తూనే ఉన్నాను.”

“అప్పుడే తేవాల్సిందమ్మా. మందులకి తగ్గుతుందిలే, భయం లేదు. కానీ రెండ్రోజులూ పాపం, ఏడ్చేడ్చి ఓపికలేక నిద్రపోయుంటాడు.”

ఏడింటికి ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. శశిభూషణ్ పేజీని పైకీ కిందకీ జరుపుతున్నాడు. హైమ చెప్పిన మాట అందులో ఎక్కడా లేదు. దానికంటూ మేము ఒక గడి పెట్టనే లేదు.

వారానికి పిల్లాడు కోలుకున్నాడు. ఆ పేజీని శశిభూషణ్ తీసేశాడు. మొన్న సాయంత్రం అయిదున్నరకి వాడు మళ్లీ రాగం తీశాడు. శశిభూషణ్ చెయ్యి అలవాటుగా నా మీదకొచ్చి ఆగిపోయింది. లేచి వెళ్లి వాణ్ణి ఎత్తుకున్నాడు.

“హైమా, ఓసారి వచ్చి వినవా? ఇది ఏ ఏడుపు?”

ఆవిడ తడిచేతులతోనే వచ్చి, ఒక్క క్షణం విని, “ఆకలండీ” అంది.

నా లెక్కప్రకారం అది గ్యాసే. నేను నోరెత్తలేదు.