ముందు నవ్వినవాడు

అచ్యుతరామయ్య ఏ జట్టు పక్షం చేరితే ఆ జట్టు ఓడిపోతుందని తార్నాకలో ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు. ప్రపంచ కప్పు అయినా, యూనివర్సిటీ గ్రౌండ్‌లో కాలేజీ పిల్లల పోటీ అయినా మొదటి పది నిమిషాలు ఓపిగ్గా చూసేవాడు. ఎవరు ఎక్కువ గోల్స్ తినేలా ఉన్నారో కనిపెట్టి వాళ్ళవైపు చేరిపోయేవాడు.

"గెలిచేవాళ్ళతో మనకేం పనోయ్? వాళ్ళకి చప్పట్లు కొట్టేవాళ్ళు బోలెడుమంది ఉంటారు" అనేవాడు.

వేరే ప్రాంతంనుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళింట్లో, లాలాపేట రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, వర్క్‌షాపు జట్టు ఆటలు చూస్తూ పెరిగి, యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాడాయన. లైబ్రరీలో అన్నేళ్ళు గొంతు తగ్గించి మాట్లాడినందుకేమో, ఇంటికొస్తే అభిప్రాయాలు ఆగేవి కావు. క్రికెట్ ఆట కాదనీ, ప్రకటనల మధ్య ఇచ్చే విరామమనీ ఒకటి. ఎవడి బొటనవేలో గీత దాటిందని టీవీలో కొలిచి గోల్ రద్దు చేసే పద్ధతి వచ్చాక ఫుట్‌బాల్ కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసులా తయారైందని ఇంకొకటి. శాసనసభలో కూడా ఎల్లో కార్డు పెట్టాలి, రెండు పడితే సమావేశాలు అయ్యేదాకా గేటు బయటే నిలబెట్టాలి అని మరొకటి. ఇక టీవీలో వచ్చే కామెడీ ప్రోగ్రాముల మీదైతే చెప్పనక్కర్లేదు. మగాడికి చీర కట్టి, వెనకనుంచి డబ్బాడు నవ్వులు పోస్తే అది హాస్యమవుతుందా అని గంటసేపు విసుక్కునేవాడు.

ఇవన్నీ వంటింటివైపు తిరిగి చెప్పేవాడు. అక్కడినుంచి పద్మావతి "ఊఁ" అనేది. ఆమెకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చివరిదాకా తెలియదు. అయినా ఆ "ఊఁ" సరిగ్గా పడవలసిన చోటే పడేది.

పద్మావతి పోయి ఏడాదిన్నరైంది. ఇప్పటికీ పేపరు చదువుతూ చదువుతూ "చూశావా, మళ్ళీ కోచ్‌ని మార్చారు" అంటూ తల తిప్పుతాడు. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటుంది. మాట సగంలో ఆపి, కళ్ళజోడు తుడుచుకుంటాడు.

ఆ ఏడాదిన్నరా ఆయన్ని నిలబెట్టింది సమ్మయ్య.

సమ్మయ్యది సీతాఫల్‌మండి. యూనివర్సిటీ గ్రౌండ్‌లో ముప్పై ఏళ్ళు సున్నంతో గీతలు గీసిన మనిషి. రెండు మేకులు, ఒక పురికొస, ఒక సున్నం డబ్బా ఉంటే చాలు, గ్రౌండ్ మొత్తం అద్దంలా గీసేవాడు. ఇద్దరూ రోజూ పొద్దున ఆరింటికి గ్రౌండ్ పక్క సిమెంటు మెట్ల మీద కలిసేవాళ్ళు. ఆదివారం సాయంత్రం మాత్రం మ్యాచ్ చూడటానికి సమ్మయ్య తార్నాక వచ్చేవాడు. అప్పుడు వాదన మొదలయ్యేది. పెనాల్టీ దగ్గర మొదలై పెట్రోలు ధర మీదుగా ముఖ్యమంత్రిదాకా పోయేది.

ఇరవై ఏళ్ళ కిందట ఒక ఆదివారం ఆ అరుపులకు పద్మావతి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ప్లాస్టిక్ కవరు తొడిగిన రిమోట్ తీసుకుని, మ్యాచ్ తీసేసి తన కామెడీ ప్రోగ్రాం పెట్టింది.

"ఇద్దరూ నోరు మూసుకుని ఇది చూడండి. ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు అన్నమాట వెనక్కి తీసుకుని టీ పొయ్యాలి. అన్నయ్యగారూ, మీరు కూడా."

ఆ రోజునుంచి అదే ఆ ఇంటి చట్టం. అచ్యుతరామయ్య ఒక్కసారీ ఓడలేదు. టీవీ పైనున్న క్యాలెండరు చూస్తూ, బుగ్గ లోపల కొరుక్కుంటూ బిగుసుకుని కూర్చునేవాడు. సమ్మయ్యకు మొదట భుజాలు కదిలేవి, తర్వాత పొట్ట, ఆ తర్వాత మనిషి మొత్తం. "నావల్ల గాదు చెల్లెమ్మా! మాట ఎనక్కి తీస్కుంటున్న" అంటూ కెటిల్ అందుకునేవాడు. ఎన్ని ముఖ్యమైన విషయాలు అలా తేలిపోయాయో లెక్కలేదు.

మొన్న ఎన్నికల ఫలితాల రోజు మాత్రం తేలలేదు.

ఆ రోజు సమ్మయ్య హబ్సిగూడనుంచి మిర్చిబజ్జీలు తెచ్చాడు. గెలిచినవాళ్ళ ఊరేగింపు తార్నాక చౌరస్తాలో రెండు గంటలు బస్సులన్నీ ఆపేసింది. టీవీలో ఆ డప్పులు చూస్తూ, బజ్జీ నములుతూ, కార్నర్ కిక్ గురించి చెప్పినంత తేలిగ్గా అచ్యుతరామయ్య అన్నాడు:

"మీవాళ్ళకి పండగ చేసుకోవడం వచ్చినట్టు పాలించడం రాదోయ్ సమ్మయ్యా."

సమ్మయ్య చేతిలో బజ్జీ ఆగింది.

"మావోళ్ళంటే ఎవరు సార్?"

"అదే... అంటే..." అచ్యుతరామయ్య నవ్వబోయాడు.

"చెప్పున్రి సార్. గిన్ని ఏండ్లల్ల మీరు ఎవరోళ్ళు మరి?"

రిమోట్ బల్ల మీదే ఉంది. తీసి చానెల్ మార్చవలసిన మనిషి లేదు. ఇద్దరూ దానివైపు చూశారు కూడా. ఎవరూ తియ్యలేదు. సమ్మయ్య బజ్జీ ప్లేటులో పెట్టి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వారాలు గడుస్తున్నాయి. పొద్దున మెట్ల మీద అచ్యుతరామయ్య ఒక్కడే కూర్చుంటున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. గేటు దగ్గర టిఫిన్ బండి పెట్టుకునే స్వరూప, ఆయన ప్లేటులో అడక్కుండానే ఇంకొంచెం అల్లం చట్నీ వేస్తూ ఒకరోజు చెప్పింది.

"సమ్మయ్య తాత రోజూ వస్తున్నడు సార్. మీరు పోయినంక వస్తడు. గదే మెట్టు మీద కూసుంటడు."

ఆ మాట విని అచ్యుతరామయ్య ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాడు. తను లేచి వెళ్ళాక ఆ సిమెంటు మెట్టు చల్లారకముందే ఇంకో మనిషి వచ్చి కూర్చుంటున్నాడు. కోపం ఉన్నవాడు వేరే మెట్టు చూసుకోడూ? ఒకరోజు కావాలని గంట ఎక్కువసేపు ఆగాడు. దూరంగా రోడ్డు మలుపులో తెల్ల చొక్కా కనిపించింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

క్షమించమని అడగడం ఆయనకు రాదు. ఎన్నోసార్లు మనసులో వాక్యం కట్టాడు. లైబ్రరీ నోటీసులా వచ్చేది. ఒక్కటే దారి కనిపించింది. పద్మావతి చట్టం ప్రకారం ఓడిపోవాలి. ఓడినవాడు మాట వెనక్కి తీసుకోవచ్చు, అందులో చిన్నతనం లేదు. చిక్కల్లా ఏమిటంటే ఆయనకు ఓడిపోవడం అలవాటు లేదు. రాత్రి భోజనమయ్యాక పాత కామెడీ ప్రోగ్రాములు ఫోన్‌లో పెట్టుకుని నవ్వు సాధన చేశాడు. పద్మావతి పడీపడీ నవ్విన ఎపిసోడ్లు అవే. ఆయనకు మాత్రం ఆమె నవ్వే గుర్తొచ్చేది, తన నవ్వు రాదు. అద్దం ముందు నిలబడి పళ్ళు బయటపెట్టి చూసుకుంటే పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినట్టు ఉంది.

ఫిబ్రవరిలో అంతర్ కళాశాలల ఫైనల్ వచ్చింది. ఆ ఫైనల్ ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా తప్పలేదు. సమ్మయ్య ఏది మానినా ఇది మానడు. ఈసారి కూడా వేరువేరుగా కూర్చుంటే ఇంక ఎప్పటికీ అంతేనని అచ్యుతరామయ్యకు అర్థమైంది. అల్లం దంచి టీ పెట్టి, ఫ్లాస్కులో పోసి, రెండు స్టీలు గ్లాసులు రుమాల్లో చుట్టుకుని మూడున్నరకే బయల్దేరాడు.

మెట్ల మీద సమ్మయ్య లేడు. గ్రౌండ్‌కి అవతల, నిద్రగన్నేరు నీడలో నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆట మొదలైంది. పసుపు చొక్కాలవాళ్ళు పదో నిమిషంలోనే గోల్ తిన్నారు. మామూలుగా అయితే ఆయన అక్కడే వాళ్ళ పక్షం చేరిపోవలసింది. ఆ రోజు ఆటే కనపడలేదు. గోల్ పోస్టుల వెనకనుంచి చుట్టూ తిరిగి నడిచాడు. కార్నర్ జెండా దగ్గర బంతి వచ్చి కాలికి తగిలితే ఒక పిల్లవాడు "థ్యాంక్యూ అంకుల్" అన్నాడు. ఆ మాటకే కాస్త ధైర్యం వచ్చింది.

వెళ్ళి సమ్మయ్యకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. సమ్మయ్య తల తిప్పలేదు.

"గ్రౌండ్ మధ్యలో సున్నా కోడిగుడ్డులా గీశారు" అన్నాడు అచ్యుతరామయ్య.

సమ్మయ్య గడ్డిపోచ తెంపాడు.

"పురికొస వాడినట్టు లేరు."

సమ్మయ్య దవడ కదిలింది. అది అతను ప్రాణం పెట్టిన విషయం. చూపు మాత్రం ఆట మీదే ఉంచాడు. ఎర్ర చొక్కాలవాళ్ళు ఇంకో గోల్ కొట్టారు.

హాఫ్ టైం విజిల్ పడింది. అచ్యుతరామయ్య ఫోన్ తీసి, ఇద్దరి మధ్యా గడ్డిమీద ఫ్లాస్కుకు ఆనించి నిలబెట్టి, పద్మావతికి ఇష్టమైన పాత స్కిట్ పెట్టాడు. అది చూసి సమ్మయ్య మొహం ఒక్కసారి బిగుసుకుంది. విషయం అర్థమైంది. లేచిపోతాడేమో అనుకున్నాడు అచ్యుతరామయ్య. లేవలేదు.

ముందు నీళ్ళ ట్యాంకు ప్రకటన వచ్చింది. ఇద్దరు ముసలివాళ్ళూ సంతాప సభలో కూర్చున్నట్టు గంభీరంగా నీళ్ళ ట్యాంకు చూశారు.

తర్వాత లావుపాటి కానిస్టేబుల్ వచ్చాడు. సెల్యూట్ కొడితే లాఠీ పడింది. లాఠీకి వంగితే టోపీ పడింది. టోపీకి వంగితే ప్యాంటు చిరిగింది. ఇక్కడే పద్మావతి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అచ్యుతరామయ్య ఊపిరి పీల్చుకున్నాడు. క్యాలెండరు లేదు. బుగ్గ కొరుక్కోలేదు.

"హ... హ్హ... హహ్హ" అన్నాడు.

దగ్గర్లో నీళ్ళు తాగుతున్న గోల్‌కీపర్ తిరిగి చూశాడు.

"ఏంది సార్ గది?" అన్నాడు సమ్మయ్య. ఏడు వారాల తర్వాత మొదటి మాట.

"నవ్వు."

"నవ్వా? నేను గొంతుల ఈగ వడ్డదేమో అనుకున్న."

"నేనే ముందు నవ్వాను సమ్మయ్యా. ఓడిపోయాను."

"చెల్లదు. గిది దొంగ నవ్వు. ఎవ్వడు ముట్టకముందే పెనాల్టీ కోసం కింద పడ్డట్టు పడ్డరు. ఎల్లో కార్డు ఇయ్యాలె మీకు." అంటూండగానే భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. "పంటి డాక్టర్ కాడ కూసున్నట్టు... నోరు తెరిచి..." ఇంక ఆగలేదు. నిద్రగన్నేరు మీది గోరింకలు లేచిపోయాయి.

"అయితే నువ్వే ఓడావా?" అన్నాడు అచ్యుతరామయ్య, ఆశ సన్నగిల్లి. తను ఓడకపోతే ఆ మాట వెనక్కి తీసుకునేదెలా?

సమ్మయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం నవ్వు తగ్గాక కూడా కొంచెంసేపు సాగింది.

"ఒక మాట చెప్తా సార్. ఇరవై ఏండ్ల సంది నేను ఓడుతున్న గద. అన్నిసార్లు నవ్వొచ్చే నవ్విన అనుకున్నరా?"

"మరి?"

"చెల్లెమ్మ పొయ్యి మీద టీ పెట్టి వాకిట్ల నిలవడి చూసేది. మీరేమో రాయి లెక్క కూసుందురు. టీ మరిగి మరిగి కషాయం అయితుండె. ఆమె కాళ్ళ నొప్పులు ఆమెకు. ఎవడో ఒకడు నవ్వాలె గద సార్."

అచ్యుతరామయ్య ఫోన్ ఆపేశాడు. ఇరవై ఏళ్ళ ఆదివారాలు. పద్మావతి మోకాలు పట్టుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడటం ఇప్పుడు కనిపించింది. అప్పుడు ఆయన క్యాలెండరు చూస్తున్నాడు.

"ఆమెకి తెలుసా?"

"తెల్వకుంటనా! నాకు చక్కెర ఒక చెంచ ఎక్కువ ఏసేది, ఎన్నడన్న చూసిన్రా?"

చూడలేదు. అవతల పసుపు చొక్కాల పిల్లలు గుంపుగా తలలు దగ్గర పెట్టుకుని ఏదో చెప్పుకుంటున్నారు. అచ్యుతరామయ్య రుమాలు విప్పి గ్లాసులు నేలమీద పెట్టాడు. నవ్వు చెల్లినా చెల్లకపోయినా ఫ్లాస్కు మూత తనే తిప్పాడు.

"నేను పుట్టింది లాలాపేటలో. ఫుట్‌బాల్ నేర్చుకుంది లాలాపేటలో. పద్మావతిని పంపించిందీ ఈ ఊళ్ళోనే, నీ భుజం మీదుగానే. 'మీవాళ్ళు' అని వేలు చూపించడానికి నేనెక్కడ నిలబడ్డానోయ్? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

సమ్మయ్య గ్లాసు అందుకున్నాడు. అచ్యుతరామయ్యకు టీ పొయ్యడం అలవాటు లేదు, సగం గడ్డిమీద పోయింది. సమ్మయ్య ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చక్కెర తక్కువైంది."

"రేపు వేస్తాను."

"రేపు ఆరింటికేనా?"

"ఆరింటికే."

రెండో సగం మొదలైంది. మూరెడు దూరం ఎప్పుడు తగ్గిందో తగ్గింది. పసుపు చొక్కాలవాళ్ళు మూడో గోల్ కూడా తిన్నారు. అచ్యుతరామయ్య ముందుకు వంగి, వంటింటివైపు తిరిగినట్టే ఎడమవైపుకి తిరిగి మొదలుపెట్టాడు.

"చూశావా, ఆ రెఫరీకి గీత కనపడదు, విజిల్ మాత్రం బ్రహ్మాండంగా ఊదుతాడు. మన మంత్రుల్లో కూడా సగంమంది..."

చెప్పేవాడల్లా ఒక్క క్షణం ఆగాడు, అలవాటుకొద్దీ.

"ఊఁ" అన్నాడు సమ్మయ్య, బంతి మీంచి చూపు తిప్పకుండా. బీడీల గొంతు, బొంగురు. పద్మావతి ఊఁ కాదది. అయినా పడవలసిన చోటే పడింది.