వైరు అందని చోటు

"కాస్త పక్కకి జరగవే! అద్దంలో నువ్వు తప్ప ఇంకేం కనపడట్లేదు!"

సైలస్ కారు కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేసరికి, క్యాంపులో మడత కుర్చీలేసుకుని టీ తాగుతున్న కివీ దేశపు జంటలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. విక్టోరియా పక్కకి జరిగింది. జరగ్గానే "ఎక్కడికెళ్లావ్? మనిషి కనపడకపోతే నేనెలా వెనక్కి రానూ?" అని రెండో కేక వస్తుందని తెలుసు. వచ్చింది. కారు వెనక తగిలించిన కారవాన్‌ని, అంటే వాళ్ల చక్రాల ఇంటిని, రివర్సులో తీసుకెళ్లి దాని చోట్లో నిలబెట్టడమంటే ఊరు మారినప్పుడల్లా వాళ్లిద్దరూ ఆడే నాటకం, టికెట్ అక్కర్లేని నాటకం. ఆమె పాలకొల్లు బస్టాండులో క్లీనర్‌లా కారవాన్ ఒంటి మీద అరచేత్తో దబదబా కొడుతూ "రానీండి, రానీండి, రానీండి" అనాలి. "ఆగండి!" అనేలోపే అది వెనకున్న కరెంటు దిమ్మని ముద్దు పెట్టుకోవాలి. "ముందే చెప్పొద్దూ?" అంటూ అతను దిగాలి. ఇవాళ ఓమరూలోనూ అంతే జరిగింది. ఎర్ర టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకాయన నవ్వు ఆపుకోడానికి మగ్గులో మొహం దాచుకోవడం కూడా ఆమె చూసింది.

దిగగానే సైలస్ చేసే మొదటి పని వైరు చుట్ట విప్పి ఆ దిమ్మకున్న ప్లగ్గులో పెట్టడం. రెండో పని "విక్కీ, టీ" అనడం.

ఇలా తిరగడం మొదలుపెట్టి ఏడాది దాటింది. రెండు వేల ఏడు వేసవి వచ్చేసింది. హెండర్సన్‌లో ఇల్లు అద్దెకిచ్చేసి, సామానంతా గరాజులో కుక్కేసి, చక్రాల మీద ఇల్లు కట్టుకుని బయల్దేరారు. సైలస్‌కి ఐటీ ఉద్యోగం మొహం మొత్తింది. విక్టోరియాకి రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్లని లేపీ పడుకోబెట్టీ కుడి భుజం పాడైపోయింది. కానీ ఆ రెస్ట్ హోమే ఆమెకి రంగులిచ్చింది. బుధవారం బుధవారం ఒక టీచరు వచ్చి ముసలివాళ్లకి నీటిరంగులు నేర్పేది, వాళ్ల వణికే చేతులకి తన చెయ్యి ఆనించి బ్రష్షు పట్టించడం విక్టోరియా డ్యూటీ. ఓ రోజు ఓ ముసలావిడ కుర్చీలోనే నిద్రపోయింది. బ్రష్షు విక్టోరియా చేతిలో ఉండిపోయింది. తడి కాగితం మీద ఓ నీలం చుక్క పెట్టి చూసింది. అది ఆగలేదు. పాకింది, కొమ్మలేసింది, తనక్కావలసిన చోట తనే నిలిచింది. అరే, ఎటు పోతోందిది? పక్కన పసుపు పెడితే ఏమవుతుంది? మొత్తం తడిపేసి పెడితే? ఆ "పెడితే?" ఆమెని ఇంక వదల్లేదు. ఇంటికెళ్లాక, చర్చి కిచెన్లో అందరి ప్లేట్లూ కడుగుతున్నప్పుడు, నైట్ డ్యూటీలో, ఎక్కడున్నా అదే. మానేసే నాటికి ఆ టీచరే బతిమాలి ఆమె బొమ్మలు ఓ చిన్న గ్యాలరీ గోడ మీద పెట్టించింది.

అందుకే చూసినవాళ్లందరికీ సైలస్ గొప్పగా చెప్తాడు: "మా ఆవిడ ఆర్టిస్టండీ. నేను ఆవిడ డ్రైవర్ని." అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయల్దేరాలో, కిటికీ ఎటు తిరగాలో నిర్ణయించే డ్రైవర్ని, మధ్యలో టీ అడిగే డ్రైవర్ని ఆమె ఇంకెక్కడా చూళ్లేదు. ఆడపడుచు షీనా ఊరి నుంచి ఫోన్లో "మా అన్నయ్య మహారాజు గనక నిన్ను రాణీలా ఊరూరా తిప్పుతున్నాడొదినా, ఇంకెవరైనా అయితేనా!" అంటుంది. వెల్లింగ్టన్లో నర్సు చేస్తున్న కూతురు లవ్లీ "యూ ఆర్ సో లక్కీ మమ్మీ, డాడ్ నీ కోసం జాబ్ వదిలేశాడు" అంటుంది. లక్కీయే కాబోలు అనుకుంటూ ఆమె మోకాలు తగిలేంత వంటగట్టు దగ్గర ఉల్లిపాయలు తరుగుతుంది, క్యాంపు లాండ్రీలో అతని చొక్కాలు ఆరేస్తుంది, కారవాన్ బాత్రూమ్ డబ్బా మోసుకెళ్లి గుమ్మరించొస్తుంది. అది అతను చెయ్యడు, అతనికి వాసన పడదు. ఆమెకేదో పడినట్టు.

కారవాన్లో బల్ల ఒకటే. పొద్దున బైబిలు చదివే బల్ల అదే, తినే బల్ల అదే, రాత్రయితే మడిచి పరుపు వేసే బల్ల అదే. మధ్యలో మిగిలిన కాసేపు అది ఆమె బల్ల. నీటిరంగుల్లో ఆకాశం వెయ్యాలంటే ఒక్క ఊపులో వెయ్యాలి, పై అంచు నుంచి కింది దాకా తడి ఆరకముందే రంగు దింపుకుంటూ పోవాలి. మధ్యలో ఆగితే ఆగిన చోట గీత పడి ఆరిపోతుంది, ఆ గీత ఇంక చచ్చినా పోదు. ఆమె ఆకాశాలన్నిటికీ గీతలున్నాయి. కైకోరాలో వేసిన ఆకాశంలో గీత "విక్కీ, టీ." నెల్సన్‌లో గీత "నా కళ్లజోడెక్కడ పెట్టావ్?" చూసేవాళ్లు దూరపు మేఘం అనుకుంటారు. అనుకోనీ.

మర్నాడు ఆదివారం, పొద్దున్నే సంతలో చిన్న బల్ల వేసుకుని బొమ్మలు పరిచింది. గొర్రెలు కాసే మనిషిలా ఉన్న ఓ రైతు చాలాసేపు వంగి వంగి చూశాడు. ఒక బొమ్మ, ఇంకో బొమ్మ, మళ్లీ మొదటిది.

"బావున్నాయి. కానీ అన్నిట్లోనూ ఇదేంటి? మీ సంతకమా?" అంటూ ఓ మూల వేలు పెట్టాడు.

విక్టోరియా వంగి చూసింది. నడుమెత్తు బూడిదరంగు దిమ్మ, దానికి వేలాడుతున్న నల్ల వైరు. పక్క బొమ్మ చూసింది. కైకోరా సముద్రం ముందు అదే దిమ్మ. పిక్టన్ రేవు ముందు అదే. నెల్సన్ యాపిల్ తోట ఎదురుగా అదే దిమ్మ, దాని వెనక క్యాంపు టాయిలెట్ల గోడ, తీగ మీద ఎవరివో తువ్వాళ్లు. ఎదురుగా ఏది కనిపిస్తే అది వెయ్యడం ఆమె అలవాటు, అబద్ధం వెయ్యడం రాదు. ముందు పకపకా నవ్వింది, రైతు కూడా నవ్వి ఓ బొమ్మ తీసుకుని వెళ్లిపోయాడు. నవ్వయ్యాక ఆమెకి లోపల దురద మొదలైంది. ఇదేంటి? ఇంత దేశం తిరిగి నేను చూసింది ఇదేనా?

మధ్యాహ్నం సైలస్‌కి అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏవండీ, మనం ఎప్పుడూ ఆ కరెంటు దిమ్మ పక్కనే ఎందుకాగుతాం?"

"ఎందుకేంటే, నీ రైస్ కుక్కర్ కోసం!"

"నా కుక్కరా?"

"మరి నాదా? గ్యాస్ మీద అన్నం వండితే కారవానంతా ఆవిరి, అద్దాలన్నీ చెమ్మ. కరెంటు లేనిచోట నీ కుక్కర్ ఎలా పనిచేస్తుంది చెప్పు. నీ సుఖం చూసే కదా నేను ఆపేది. ఇంకాస్త పప్పెయ్యి."

వేసింది. షుగరొచ్చిన దగ్గర్నుంచీ ఆమె అన్నం ముట్టుకోదు, రెండు పూటలా ఓట్స్, లేకపోతే బ్రెడ్డు. అన్నం తినేది అతనొక్కడే. హెండర్సన్ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఆ కుక్కర్ వంక చూసింది. ఎర్ర దీపం ఆరి, పచ్చ దీపం వెలిగి, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. కోపం వస్తుందేమో అని కాసేపు చూసుకుంది, రాలేదు. వచ్చింది ఒక ప్రశ్న. ఆ వైరు అందని చోట ఏముంటుంది?

సైలస్ భోంచేసి గుర్రు పెట్టగానే చెప్పులేసుకుని బయటికి నడిచింది. క్యాంపు చివర గడ్డి మైదానంలో ఓ ముసలావిడ పాతకాలం కారవాన్‌ని ఒక్కతే రివర్సు చేస్తోంది. వెనక చెయ్యి ఊపేవాడు లేడు, కేకలు లేవు. సగం దూరం వచ్చి ఆగింది, దిగింది, నడుం మీద చేతులేసుకుని వెనకాల చూసుకుంది, మళ్లీ ఎక్కింది. ఇంకాస్త వచ్చింది. మళ్లీ దిగింది. విక్టోరియా అలా నిలబడి చూస్తూనే ఉండిపోయింది. ఆవిడ పేరు మార్జరీ అట. భర్త పోయాక తిరగడం మొదలుపెట్టిందట.

"మీకు వెనకాల ఎవరు చెప్తారు?" అడిగింది విక్టోరియా.

"ఎవరూ చెప్పరు, డియర్. డౌటొస్తే దిగి చూసుకుంటా."

"అందరూ చూస్తుంటారు కదా?"

"చూడనీ. దిగి చూసుకోడానికి సిగ్గెందుకు? నువ్వు నడుపుతావా?"

"కారైతే నడుపుతాను. న్యూ లిన్ ట్రాఫిక్‌లో ఏళ్ల తరబడి నడిపాను. ఇదైతే ఆయన ఇవ్వరు. ఇది నీ చిన్న టొయోటా కాదు అంటారు."

మార్జరీ డ్రైవర్ సీటు తలుపు తీసి పట్టుకుంది.

ఆవిడ అసలు కిటుకు చెప్పాక విక్టోరియాకి చిన్నపిల్లలా సంబరం ఆగలేదు. వెనక తగిలించిన బండి స్టీరింగు తిప్పినవైపు పోదు, ఎదురు పోతుంది, అందుకే మగాళ్లంతా చెమటలు కక్కుతారు. కానీ చెయ్యి స్టీరింగు పైన కాకుండా అడుగున పెట్టి పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిపితే కారవాన్ వెనక భాగం అటే పోతుంది. అంతే! బ్రష్షు ఎటు లాగితే రంగు అటు వచ్చినట్టే. మొదటిసారి కారూ కారవానూ కత్తెరలా మడుచుకుపోయాయి. దిగి చూసుకుంది. ముందుకు తీసి మళ్లీ వెనక్కి వచ్చింది. దిగి చూసుకుంది. గట్టిగా తిప్పితే మడుచుకుంటుందని, కాస్తకాస్తే తిప్పాలని చేతికి తెలిసింది. భుజం నొప్పి కూడా మర్చిపోయింది. సైలస్ లేచి "విక్కీ, టీ" అనేసరికి ఆమె గడ్డి అంటుకున్న చెప్పులతో స్టవ్ దగ్గరుంది.

రెండు రోజుల తర్వాత టెకపో చేరారు. ఎండిన గడ్డి కొండల మధ్య నుంచి రోడ్డు మలుపు తిరగ్గానే సరస్సు. నీలిమందు ఎక్కువైన బకెట్లో ఎవరో పాలు ఒలకబోసినట్టుంది ఆ రంగు. ఇలాంటి రంగు ఏ రెండు కలిపితే వస్తుంది? క్యాంపు గేటు దాటాక సైలస్ అలవాటుగా టాయిలెట్ల పక్కనున్న దిమ్మ వైపు తిప్పబోయాడు.

"ఆపండి," అంది విక్టోరియా. "ఇవాళ నేను పెడతాను."

"ఏం పెడతావ్?"

"కారవాన్. మీరు దిగి వెనకాల చెప్పండి."

సైలస్ నవ్వాడు. నవ్వి ఆమె మొహం చూసి ఆపేశాడు. "పిచ్చా నీకు? క్యాంపంతా చూస్తోంది. ఎక్కడైనా గుద్దితే ఈ వయసులో నా పరువేం కావాలి?"

"మన పరువు ఇప్పటిదాకా కేకలతోనే నిలబడింది కదండీ. దిగండి."

తలుపు తీసుకుని ఆమే దిగి అతని వైపు వచ్చి నిలబడింది. అతను కాసేపు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు, తర్వాత గొణుక్కుంటూ దిగాడు. విక్టోరియా సీటు ముందుకి లాక్కుంది, అద్దాలు తన ఎత్తుకి సర్దుకుంది, చెయ్యి స్టీరింగు అడుగున పెట్టింది. దిమ్మల వరస వదిలేసి, సరస్సు ఒడ్డున ఖాళీగా ఉన్న గడ్డి వైపు కారవాన్ వెనక భాగం తిప్పి, వెనక్కి రావడం మొదలుపెట్టింది. కుర్చీలన్నీ ఇటు తిరిగాయి. వెనక సైలస్ చేతులు రెండూ ఊపుతూ "రైటు! అటు కాదే, రైటు! అబ్బా, ఆగు! అటెక్కడికి పోతున్నావ్, కరెంటు ఇక్కడుంది!" అంటూ అద్దం నిండా గెంతుతున్నాడు.

"కాస్త పక్కకి జరగండి," అంది ఆమె కిటికీలోంచి, నెమ్మదిగానే. "అద్దంలో మీరు తప్ప ఇంకేం కనపడట్లేదు."

మధ్యలో ఆపి దిగింది. అతని పక్కనుంచే నడిచి వెళ్లి వెనకాల చూసుకుంది, చక్రం పక్కన రాయి ఉంటే తీసి పారేసింది, వచ్చి ఎక్కింది. ఇంకోసారి దిగింది. మూడోసారి దిగేసరికి కారవాన్ కిటికీ నిండా నీళ్లు తప్ప ఇంకేమీ లేవు. మగ్గు పట్టుకున్న ముసలాయన ఒకరు దాన్ని కాస్త పైకెత్తి ఆమెకేసి తలాడించాడు.

సైలస్ వైరు చుట్ట విప్పుకుంటూ దిమ్మ దగ్గర్నుంచి వస్తున్నాడు. గడ్డి మధ్యలోకి వచ్చేసరికి అది బిగుసుకుపోయింది. లాగాడు. ఇంక రాలేదు. చేతిలో వైరు కొస పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

విక్టోరియా అప్పటికే బల్ల మీద కాగితం అతికించింది, సీసాలో నీళ్లు పోసింది, కాగితమంతా తడిపి పై అంచున నీలం పెట్టింది. రంగు దిగుతోంది. ఎటు పోతుందో చూడాలి.

"విక్కీ! వైరు అందట్లేదు!"

"తెలుసండీ."

"తెలుసా? మరి అన్నం?"

"గ్యాసుంది కదా. బియ్యం కింది అరలో ఉన్నాయి."

"గ్యాసు మీదా? నేనా? నాకు రాదే! నీళ్లెన్ని పొయ్యాలో కూడా తెలీదు." అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది. ఆమెకి మొదటిసారి ఆ భయం వింతగా, కొంచెం ముద్దుగా కూడా అనిపించింది. తల మాత్రం ఎత్తలేదు, ఆకాశం సగంలో ఉంది.

"బియ్యం మీద వేలి గణుపు దాకా పొయ్యండి. డౌటొస్తే మూత తీసి చూసుకోండి," అంది బ్రష్షు ఆపకుండా. "చూసుకోడానికి సిగ్గెందుకు?"